జర్మన్ క్లాసులో చెత్త పాఠం: భాష వాళ్లది, చెత్త మనది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: మీరు హైదరాబాద్‌లో 6, 7 తరగతులకు జర్మన్ చెబుతున్నారు. ఈ టర్మ్‌లో ‘చెత్త, రీసైక్లింగ్’ పాఠం వచ్చింది. పిల్లలకు వచ్చిన జర్మన్ కొంచెమే, పుస్తకంలోని రంగురంగుల డబ్బాలు వాళ్లు కళ్లతో చూసినవి కావు. మరి ఎలా చెప్పాలి? నేనూ కూకట్‌పల్లి వైపు ఒక స్కూల్లో ఇవే తరగతులకు జర్మన్ చెబుతాను. ఏడాది మొత్తంలో నాకు చాలా ఇష్టమైన పాఠం ఇదే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

జర్మనీ చెత్తతో మొదలుపెట్టకండి. పసుపు డబ్బా బొమ్మ చూపించి ఇందులో ఏం వేస్తారు అంటే పిల్లలు బట్టీపట్టి అప్పజెప్తారు, అక్కడితో అయిపోతుంది. అదే వాళ్లింటి పాల ప్యాకెట్ చేతిలో పెట్టండి, దాని గురించి చెప్పడానికి కావాల్సిన మాటలు వాళ్లే మిమ్మల్ని అడుగుతారు.

మొదటి క్లాసుకి ఇంటి నుంచి కడిగి ఆరబెట్టిన పొడి చెత్త తెమ్మంటాను. పాల ప్యాకెట్, చిప్స్ ప్యాకెట్, కోడిగుడ్ల అట్ట, బిర్యానీ పార్సిల్ డబ్బా, నీళ్ల బాటిల్, అయిపోయిన రీఫిల్, ఇలాంటివి. గాజు ముక్కలు, బ్యాటరీలు, మందులు వద్దని డైరీలో రాయిస్తాను. తడి చెత్త కింద అరటి తొక్క నేనే పట్టుకెళ్తాను. నేల మీద పాత పేపర్లు పరిచి అన్నీ కుప్పపోస్తాం. ఇక అడిగేది ఒకటే: “వోహిన్ కొమ్ట్ డాస్?” ఇది ఎందులోకి పోతుంది? జవాబు అచ్చూ ఒకటే: “డాస్ కొమ్ట్ ఇన్ డీ బియోటొన్నె”, “ఇన్ డీ గెల్బె టొన్నె”, “ఇన్ డీ బ్లౌవె టొన్నె”. టొన్నె అంటే డబ్బా: బియో తడి చెత్తకు, గెల్బె అంటే పసుపుది ప్యాకింగ్‌కు, బ్లౌవె అంటే నీలంది కాగితాలకు. ఇక్కడ వ్యాకరణం కూడా మనకు కలిసొస్తుంది. టొన్నె స్త్రీలింగం కాబట్టి అక్యుజటివ్‌లో, అంటే ద్వితీయా విభక్తిలో కూడా, దాని ముందు వచ్చే ‘డీ’ మారదు, పిల్లలు తప్పు పోతామన్న భయం లేకుండా మాట్లాడతారు. పుంలింగం మాట ముందు వచ్చే ‘డేర్’ కాస్తా ‘డెన్’ అయ్యే సంగతి గాజు సీసాల దగ్గర వస్తుంది: “ఇన్ డెన్ గ్లాస్‌కంటైనర్”. నోరు తిరిగాక అది చెప్పండి.

ఆ తర్వాత ‘వైల్’. కారణం చెప్పే ఈ వాక్యంలో క్రియ చివరికి పోతుంది. ఇంగ్లిష్ వాక్యాన్ని మనసులో పెట్టుకుని కట్టే పిల్లలు ఇక్కడే తడబడతారు. తెలుగు వాక్యం ఒకటి పక్కన రాసి చూపించండి, మనకూ క్రియ చివర్లోనే కదా. “వైల్ ఎస్ నస్ ఇస్ట్”, అంటే అది తడిగా ఉంది కాబట్టి. తడిసిన కాగితాన్ని పేపర్ డబ్బాలో ఎందుకు వేయకూడదో చెప్పడానికి ఇంతకన్నా అక్కర్లేదు.

రెండో క్లాసులో బకెట్ నిండా నీళ్లు పెడతాను. నీళ్ల బాటిల్‌నీ దాని మూతనీ ముందే ఇంట్లో ముక్కలు చేసి తెచ్చుకోండి, మూత గట్టిగా ఉంటుంది, పిల్లల చేత కోయించొద్దు. ముక్కలు వేసే ముందు ఏది తేలుతుందో అడగండి. రెండూ తేలతాయంటారు. వేసి చూస్తే మూత ముక్క తేలుతుంది, బాటిల్ ముక్క అడుక్కి పోతుంది. ముక్కకు గాలి బుడగ అంటుకుంటే అదీ పైనే ఆగిపోతుంది, వేలితో ఒకసారి ముంచి వదలమనండి. బాటిల్ ‘పెట్’ ప్లాస్టిక్, నీటికన్నా సాంద్రత ఎక్కువ. మూత పాలీఇథిలీన్ గానీ పాలీప్రొపిలీన్ గానీ, రెండూ నీటికన్నా తక్కువే. రీసైక్లింగ్ యూనిట్లలో ముక్కల్ని ఇలాగే నీళ్లలో తేల్చి వేరు చేస్తారు. “ష్విమ్ట్!” (తేలుతోంది), “జింక్ట్!” (మునుగుతోంది) అని వాళ్లు బకెట్ చుట్టూ చేరి అరుస్తుంటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను. ఆ రెండు క్రియలు మళ్లీ నేర్పే పని ఉండదు.

అదే ఊపులో గుర్తులు చూపించండి. ప్లాస్టిక్ వస్తువు అడుగున త్రికోణంలో 1 నుంచి 7 దాకా ఒక అంకె ఉంటుంది. అది ఏ రకం ప్లాస్టిక్కో చెబుతుంది తప్ప రీసైకిల్ అవుతుందని హామీ ఇవ్వదు. జర్మన్ ప్యాకెట్ల మీద కనిపించే ‘గ్రూనె పుంక్ట్’ (పచ్చ చుక్క) గుర్తు కూడా అంతే, ఆ ప్యాకింగ్‌ని సేకరించే వ్యవస్థకు కంపెనీ రుసుము కట్టిందని దాని అర్థం. ఈ రెండూ పెద్దవాళ్లలోనే చాలామందికి తెలియవు.

జర్మనీ సంగతులు ఇప్పుడు తెండి. అక్కడ వేరు చేసే పని ఇంట్లోనే మొదలవుతుంది. గాజు సీసాల్ని తెలుపు, ఆకుపచ్చ, గోధుమ రంగుల వారీగా వేయాలి. తాగే గ్లాసు పగిలితే వాటిలో వేయకూడదు, ఆ గాజు కరిగే వేడి వేరు. 2003 నుంచి వాడి పారేసే డ్రింకుల సీసాలకు, డబ్బాలకు డిపాజిట్ ఉంది, 25 సెంట్లు. ఖాళీది సూపర్‌మార్కెట్లో మిషన్‌లో వేస్తే డబ్బులు వాపస్. మన దగ్గర ఎందుకు లేదని పిల్లలు వెంటనే అడుగుతారు. ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో అడిగి రమ్మనండి. కిరాణా కొట్లో కూల్‌డ్రింక్ గాజు సీసాకు డిపాజిట్ కట్టి, ఖాళీ సీసా తిరిగిచ్చిన రోజులు వాళ్లకు బాగా గుర్తు.

అక్కడ ఇంట్లో జరిగే పని ఇక్కడ ఎవరు చేస్తున్నారు అన్నది పాఠానికి గుండెకాయ. మన ఊళ్లో 2015లో తడికి పచ్చ, పొడికి నీలం డబ్బాలు పంచారు. 2016లో కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నియమాలు ప్రమాదకరమైన ఇంటి చెత్తను కూడా విడిగా పెట్టమన్నాయి. అయినా చాలా ఇళ్ల నుంచి అంతా కలిసే పోతుంది. దాన్ని చేత్తో వేరు చేసేది చెత్త ఆటో వాళ్లు, చిత్తు కాగితాలు ఏరుకునేవాళ్లు, కబాడీ వాళ్లు. మా క్లాసులో ఒకబ్బాయి మేనమామది కబాడీ దుకాణం. తెల్ల కాగితం, న్యూస్‌పేపర్, అట్ట ఒక్కోటి ఒక్కో రేటు ఎందుకో, చిప్స్ ప్యాకెట్ ఎవరూ ఎందుకు కొనరో వాడు తెలుగులో గడగడా చెప్పాడు. ఆ ప్యాకెట్లో వేర్వేరు పొరలు అతుక్కుని ఉంటాయి, విడదీయడం కష్టం. మిగతావాళ్లు వాడు చెప్పినదాన్ని చిన్న చిన్న జర్మన్ వాక్యాలుగా రాశారు. ఆ రోజు క్లాసులో అందరికన్నా ఎక్కువ తెలిసినవాడు వాడే. ఆ పనిని ఎవరైనా వెక్కిరిస్తే మాత్రం నేను అక్కడికక్కడే ఆపేస్తాను, మీరూ ఆపండి.

ఆలోచన తెలుగులోనో హిందీలోనో సాగనివ్వండి, రాసేది జర్మన్‌లో ఉంటే చాలు. జవహర్‌నగర్‌లో చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంటు ఉంది కదా, ఇంక వేరు చేయడం ఎందుకని తెలివైన పిల్లలు అడుగుతారు. తడి చెత్త సరిగ్గా మండదు, దాని తేమను ఆరబెట్టడానికే వేడి ఖర్చయిపోతుంది. ఇది కూడా ‘వైల్’ పెట్టి రాయించండి.

మార్కులకు పరీక్ష పేపర్ బదులు, స్కూల్ క్యాంటీన్ డబ్బాల మీద అంటించే బోర్డులు చేయించండి: తెలుగు, ఉర్దూ, జర్మన్ మూడింట్లో, ఏది ఎందులో వేయాలో, ఎందుకో. మా దగ్గర ఎక్కువ చర్చ పేపర్ కప్పు మీద జరిగింది. దానికి లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది కాబట్టి కాగితాల్లో కలపొద్దని పిల్లలే తేల్చారు. మీరు ఆ బోర్డు రాయించే ముందు కప్పు ఒకటి నానబెట్టి, ఆ పలుచటి పొరను వాళ్ల చేతే ఒలిపించండి.