ముందు కాటా ఎక్కించండి, ఇంజను సంగతి తరవాత

ప్రశ్న: మాది ఆమదాలవలస. ఒకప్పుడు టూరిస్టులని తిప్పిన పదిహేడు అడుగుల ఫైబర్ స్పీడ్ బోటు, ట్రైలర్‌తో సహా, మా మావయ్య ద్వారా చవగ్గా వచ్చింది. 115 హార్స్‌పవర్ టూ-స్ట్రోక్ ఔట్‌బోర్డ్ ఇంజను. ఇన్నాళ్ళూ చింతచెట్టు కింద పడి ఉంది, కప్పిన టార్పాలిన్ 2018లో తిత్లీ తుపానుకి ఎగిరిపోయాక మళ్ళీ ఎవరూ కప్పలేదట. ముందు ఇంజను, తరవాత రంగు, డబ్బు మిగిలితే ట్రైలర్ అనుకుంటున్నాం. ఇంజను పట్టుకుని ఊపితే వెనక గోడ కాస్త కదులుతోంది, బోల్టులు బిగించి ఎంసీల్ పెడితే చాలని మా తమ్ముడు అంటున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలి?
- ఒక పాఠకుడు

జవాబు: మీ తమ్ముడి మాట ఈ ఒక్క విషయంలో వినకండి. ఇంజను తగిలించే ఆ గోడని ట్రాన్సమ్ అంటారు. పైకి ఫైబరే గానీ లోపల ప్లైవుడ్ ఉంటుంది, బోల్టు రంధ్రాల్లోంచి ఏళ్ళ తరబడి నీళ్ళు దిగి ఆ ప్లైవుడ్ చీకిపోయినా బయటికి ఏమీ తెలీదు. మీ ఇంజను 150 కిలోలకి అటూ ఇటూ ఉంటుంది, ఆ బరువూ అది తోసే తోపూ మొత్తం ఆ గోడ మీదే. ఊపితే గోడే కదులుతోందంటే బోల్టుల లూజు కాదు, లోపల చెక్క పోయిందనే అనుకోండి. సుత్తి పిడితో గోడంతా తట్టుకుంటూ రండి, గట్టి చోట టకటకమంటుంది, చీకిన చోట మొద్దుగా పలుకుతుంది. ఇంకా అనుమానముంటే లోపలి వైపు నుంచి, కింది భాగంలో, సన్నటి రంధ్రం వేసి పొట్టు చూడండి. పొడిగా లేత రంగులో వస్తే మీ అదృష్టం, నల్లగా తడిగా కాఫీ మడ్డిలా వస్తే పని పడినట్టే.

రెండోది బరువు, నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యం ఇదే. స్పీడ్ బోటు నీళ్ళని చీల్చుకుంటూ పోదు, వేగం అందుకోగానే నీటి పైకి లేచి జారుతూ పోతుంది, అదనపు బరువుంటే ఆ లేవడమే ఉండదు. ఇలాంటి బోట్లలో చాలావాటికి నేల కింద ఫోమ్ నింపి ఉంటుంది, నీళ్ళు నిండినా మునగకూడదని. అన్నేళ్ళు వానలు దాని మీదే కురిస్తే ఆ ఫోమ్ నీళ్ళు పీల్చే ఉంటుంది, ఒకసారి పీల్చాక వేసవంతా ఎండబెట్టినా వదలదు. మీ వైపు రైస్ మిల్లులకి కొదవ లేదు కాబట్టి ఏదో ఒక మిల్లు కాటా మీద ట్రైలర్‌తో కలిపి తూకం వేయించండి, బోటు దింపాక ఖాళీ ట్రైలర్ తూకం ఇంకోసారి. ఆ తేడాలోంచి ఇంజను, బ్యాటరీ, పెట్రోలు తీసేసి, కంపెనీ చెప్పిన బరువుతో పోల్చండి. యాభై కిలోలు ఎక్కువుంటే పట్టించుకోకండి. రెండొందలు ఎక్కువుంటే రెండొందల లీటర్ల నీళ్ళు మోస్తున్నారనుకుని నేల కోసి ఫోమ్ తవ్వాల్సిందే, ఆ పనిలోనే అడుగున పొడవునా దూలాల్లా ఉండే స్ట్రింగర్ల సంగతీ బయటపడుతుంది. ఇది తెలీక నేను ఒక సీజనంతా కార్బొరేటర్లు విప్పుకుంటూ, పాపం ఏ తప్పూ లేని మెకానిక్‌ని తిట్టుకుంటూ గడిపాను.

కాటా దాకా వెళ్ళాలంటే ట్రైలర్ నడవాలి కదా, అందుకే మీరు ఆఖర్న పెట్టిన ట్రైలర్ నిజానికి మొదటి పని. టైరు పక్కన డాట్ అనే అక్షరాల వరసలో చివరి నాలుగు అంకెలు చూడండి, 1412 అంటే 2012లో 14వ వారం తయారీ అని. గాళ్ళు ఎంత లోతున్నా సరే, అలాంటి టైర్లతో రోడ్డెక్కకండి. బేరింగులూ సీళ్ళూ కొత్తవి వేయించండి, ట్రాక్టర్ ట్రాలీలు చేసే షెడ్డులో కమాను కట్టలతో సహా అయిపోతుంది. రోడ్డు మీద వేడెక్కిన హబ్బుని వెంటనే నీళ్ళలోకి దింపితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుని నీళ్ళని లోపలికి లాక్కుంటుంది, బోటు ట్రైలర్ల బేరింగులు పోయేది ఎక్కువగా ఇలాగే. దించే ముందు ఓ టీ తాగేంత సేపు ఆగండి.

ఇంకోటి, బోటు కూర్చునే దిమ్మలు సరిగ్గా ట్రాన్సమ్ కింద దాకా ఉన్నాయా? అర అడుగు ముందే ఆగిపోతే ఇంజను బరువుకి బోటు అడుగు ఇన్నేళ్ళలో అక్కడ వంగిపోయి ఉండొచ్చు. వెనక నాలుగైదు అడుగుల మేర అడుగుకి పొడవాటి అల్యూమినియం బద్ద ఆనించి, మధ్యలో వెలుతురు కనిపిస్తోందేమో చూడండి. అక్కడ గుంట పడి ఉంటే వేగంలో ముక్కు కిందికి నొక్కుకుపోతుంది, ఏ ఇంజనూ దాన్ని సరిచేయలేదు.

ట్రాన్సమ్ మార్చాల్సి వస్తే లోపలి పొరనే కోయండి, బయటి పొరని ముట్టుకోకండి. పాత వాలు, మందం, ఎత్తు అట్ట మీద గీసి ఉంచుకోండి. ప్లైవుడ్ మీద ఐఎస్ 710 ముద్ర ఉండాలి, అది మెరైన్ రకం. షాపులో మామూలు వాడకానికి చేసే ఐఎస్ 303ది చూపించి రెండూ ఒకటే అంటారు, కాదు. భావనపాడు, కళింగపట్నం వైపు తెప్పలకి ఫైబర్ పని చేసేవాళ్ళ చెయ్యి మంచిదే, కాకపోతే ఇసుకలో ఈడ్చే తెప్పకి వేసినట్టు పొర మీద పొర వేస్తారు, మీకు బలమూ కావాలి తేలికా కావాలి అని ముందే చెప్పండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో అందరూ రిపేర్లు పెట్టుకుంటారు కాబట్టి వాళ్ళు దొరకరు, పైగా ఆ ఎండకి ఫైబర్ పొరలని అతికించే రెజిన్ డబ్బాలోనే గట్టిపడిపోతుంది. డిసెంబరు, జనవరి మంచివి. ఒక్క హెచ్చరిక: రెజిన్‌లో కలిపే కోబాల్ట్‌నీ కెటలిస్ట్‌నీ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోయకండి, పేలుతుంది.

ఇంజనుకి ఇప్పుడే పైసా పెట్టకండి. ప్లగ్గులు తీసి సిలిండర్లలో కాస్త ఆయిల్ పోసి చేత్తో తిప్పి చూడండి, కంప్రెషన్ కొలిపించండి, గేర్ ఆయిల్ దింపి చూడండి. అది పాల టీ రంగులో వస్తే సీలు పోయి నీళ్ళు చేరాయి. ఇంజనుని చల్లబరిచే వాటర్ పంపులో ఇంపెల్లర్ అనే రబ్బరు రెక్కల చక్రం మాత్రం బాగున్నా మార్చేయండి, నీళ్ళు పెట్టకుండా ఒక్క నిమిషం కూడా స్టార్ట్ చేయకండి. రంగు అన్నిటికంటే ఆఖరు.

ప్రశ్న: ఔట్‌బోర్డ్ పెట్రోల్లో బైకులకి పోసే 2టి ఆయిల్ కలపొచ్చా?
- చీపురుపల్లి నుంచి

జవాబు: వద్దు. గాలికి చల్లబడే ఇంజను వేరు, నీళ్ళతో చల్లబడేది వేరు. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉన్నదే పోయండి. ఇప్పటి ఇథనాల్ పెట్రోలు నెలల తరబడి ట్యాంకులో ఉంచితే తేమ పీల్చి అడుగున నీళ్ళు విడిపోతాయి, పాత రబ్బరు గొట్టాలూ పాడవుతాయి. వాడేంతే పోసుకోండి.

ప్రశ్న: సొంత స్పీడ్ బోటుని తాటిపూడి రిజర్వాయర్‌లో సరదాగా నడుపుకోవచ్చా?
- విజయనగరం నుంచి

జవాబు: సొంతదైనా సరే, ఇంజను బోటుకి ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం, 2021 కింద రిజిస్ట్రేషన్ కావాలి, రిజర్వాయర్‌లో దిగాలంటే ఇరిగేషన్ వాళ్ళ అనుమతీ కావాలి. తాటిపూడి నీళ్ళు విశాఖ జనం తాగుతారు, పాత టూ-స్ట్రోక్ ఇంజను కాలని ఆయిల్‌ని పొగతో పాటు నీళ్ళలోకే వదులుతుంది. అనుమతిస్తారని నేనైతే అనుకోను, వాళ్ళ స్థానంలో నేనున్నా ఇవ్వను.