రోజూ నడిపే కారుకు ఎలాంటి టర్బోచార్జర్ సరిపోతుంది?

ఈ ప్రశ్నకు సమాధానం గరిష్ఠ హార్స్‌పవర్‌లో కాక, ఇంజిన్ ఎక్కువసేపు తిరిగే వేగంలో దొరుకుతుంది. సాధారణ ప్రయాణంలో పెట్రోల్ ఇంజిన్ చాలావరకు నిమిషానికి 1500 నుంచి 3500 చుట్ల మధ్యనే తిరుగుతుంది కనుక, ఆ పరిధిలోనే బూస్ట్ (వాతావరణ పీడనానికి మించి ఇంజిన్‌లోకి నెట్టే గాలి పీడనం) అందించగల చిన్న టర్బైన్‌ను (ఎగ్జాస్ట్ వాయువులతో తిరిగే టర్బో చక్రాన్ని) ఎంచుకోవడమే మేలని నా అభిప్రాయం. పెద్దదైతే దాని చక్రం వేగం పుంజుకునేలోపే ముందున్న వాహనాన్ని దాటే అవకాశం చేజారుతుంది. మరీ చిన్నదైతే అధిక వేగాల్లో ఎగ్జాస్ట్ వాయువులకు అడ్డుపడుతుంది. అందుకే కంప్రెసర్ మ్యాప్‌ను (టర్బోలో గాలిని నొక్కే కంప్రెసర్ ఏ పీడనం, ఏ గాలి ప్రవాహం వద్ద ఎంత సమర్థంగా పనిచేస్తుందో చూపే పటాన్ని) తప్పక చూడాలి: సముద్రమట్టం వద్ద 0.7 బార్ బూస్ట్ అంటే పీడన నిష్పత్తి (కంప్రెసర్ నుంచి వెలువడే గాలి పీడనం, లోపలికి వెళ్లే గాలి పీడనానికి ఎన్ని రెట్లో) దాదాపు 1.7, ఆ నిష్పత్తి వద్ద మీ ఇంజిన్‌కు కావలసిన గాలి ప్రవాహం సర్జ్ గీతకు (దీనికి ఎడమవైపున గాలి ప్రవాహం అస్థిరమవుతుంది) కుడివైపున, అధిక సామర్థ్య వలయాల్లో పడాలి. బాల్ బేరింగులు స్పందనను కొంత మెరుగుపరుస్తాయి గానీ, తప్పు పరిమాణాన్ని సరిదిద్దలేవు.