తామరకు మొక్కల మందులు సరిపోతాయా?

ప్రశ్న: నా వయసు 34 ఏళ్లు. రెండు నెలలుగా నడుము చుట్టూ, గజ్జల్లో గుండ్రటి మచ్చలు వచ్చి విపరీతంగా దురద పెడుతున్నాయి. మొదట వేపాకు, పసుపు నూరి పట్టించాను. తగ్గకపోవడంతో టీ ట్రీ ఆయిల్ నేరుగా రాశాను. ఇప్పుడు మంట మొదలైంది. మొక్కల మందులతోనే ఇది నయమవుతుందా? మళ్లీ రాకుండా అవి కాపాడతాయా?

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇది తామర, అంటే చర్మం పైపొరలోని కెరటిన్ అనే ప్రోటీన్‌ను తిని బతికే ఫంగస్ వల్ల వచ్చే ఇన్ఫెక్షన్ అయి ఉండవచ్చు. మచ్చ అంచు ఎర్రగా, కాస్త ఉబ్బి, సన్నటి పొట్టు లేస్తూ, మధ్యలో మాత్రం మానినట్టు కనిపిస్తుంటే ఆ అనుమానం మరింత బలపడుతుంది. ముందుగా ఆ నూనె రాయడం ఈరోజే ఆపేయండి.

మొక్కల్లోని పదార్థాలకు శక్తి లేదని నేను అనను. ఆకులపై దాడి చేసే ఫంగస్, బ్యాక్టీరియాల నుంచి తమను తాము కాపాడుకోవడానికి మొక్కలు ఇలాంటి పదార్థాలను ఎన్నో తయారు చేసుకుంటాయి. వాములో ఉండే థైమాల్, టీ ట్రీ ఆయిల్‌లోని టెర్పినెన్-4-ఆల్ సూక్ష్మక్రిముల కణపొరలోకి చొచ్చుకుపోయి దాన్ని దెబ్బతీస్తాయి. పాదాల తామరపై 2002లో వెలువడిన ఒక అధ్యయనంలో, 50 శాతం టీ ట్రీ ఆయిల్ ద్రావణం నాలుగు వారాలు వాడినవారిలో 64 శాతం మందికి ఫంగస్ పోగా, మందు కలపని ద్రావణం వాడినవారిలో అది 31 శాతమే. అయితే ఆ నూనె వాడినవారిలో కొందరికి చర్మం తీవ్రంగా వాచింది. క్రిమి కణపొరను కరిగించే గుణమే మోతాదు మించితే మన చర్మాన్నీ గాయపరుస్తుంది. పైగా గాలి, వెలుతురు తగిలి పాతబడిన నూనెతో అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువ. గజ్జల్లో చర్మం పలచన, చెమట ఎక్కువ కాబట్టి మీకు మంట పుట్టడంలో ఆశ్చర్యం లేదు.

పసుపులోని కర్‌క్యుమిన్ ప్రయోగశాలలో అనేక క్రిములను అడ్డుకుంటుంది. కానీ అది నీటిలో దాదాపు కరగదు, చర్మంలోకి సరిగా ఇంకదు. నూరిన ముద్దలో అది ఎంత ఉందో, అందులో ఎంత క్రిమిని చేరుతుందో మనకు తెలియదు. పైగా తడి ముద్ద గజ్జల మడతల్లో నిలిచిపోతే ఫంగస్‌కు కావలసిన తేమ దొరుకుతుంది. మొక్కల నుంచి వచ్చి, కొలతతో మందుగా నిలదొక్కుకున్నవీ ఉన్నాయి. సాంబ్రాణి నుంచి మొదట వేరుచేసిన బెంజోయిక్ యాసిడ్ 6 శాతం, సాలిసిలిక్ యాసిడ్ 3 శాతం కలిపిన విట్‌ఫీల్డ్ ఆయింట్‌మెంట్ తామరకు పాత మందే. అయితే ఇప్పటికే మండుతున్న మీ చర్మానికి అది కూడా వద్దు.

మంట తగ్గాక, వైద్యుల సలహాతో, ఫంగస్‌కు వాడే టెర్బినఫిన్ లేదా క్లోట్రిమజోల్ క్రీమును మచ్చపైనే కాక, అంచు దాటి రెండు సెంటీమీటర్ల వరకు రాయాలి. దురద తగ్గగానే ఆపేయకుండా చెప్పినన్ని వారాలు పూర్తిగా వాడాలి. చాలామందికి తామర తిరగబెట్టేది ఇక్కడే. స్టెరాయిడ్ కలిసిన క్రీములు మాత్రం సొంతంగా వాడకండి. రెండు రోజుల్లో హాయిగా అనిపించినా, అవి రోగం రూపాన్ని మార్చి లోలోపల వ్యాపించనిస్తాయి.

ఇక నివారణ సంగతి. రోజూ నూనెలు, పసర్లు పూయడం వల్ల తామర రాకుండా ఉంటుందని నమ్మదగిన ఆధారం లేదు. స్నానం తర్వాత మడతలను పొడిగా తుడుచుకోవడం, వదులైన నూలు బట్టలు, ఎవరి తువ్వాలు వారిదే కావడం, ఇంట్లో మరెవరికైనా దురద ఉంటే వారికీ ఒకేసారి చికిత్స చేయించడం మేలు చేస్తాయి.

మీకు రెండు నెలలుగా ఉంది కాబట్టి చర్మవ్యాధి నిపుణులను కలిసి, పొట్టు గీరి చేసే మైక్రోస్కోపు పరీక్ష చేయించుకోండి. ఒకసారి రక్తంలో చక్కెర కూడా చూపించుకోండి. మచ్చల్లో చీము, జ్వరం, వేగంగా పాకే ఎర్రదనం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా అదే రోజు వెళ్లాలి.