మంచు తీసే పనికి గిట్టుబాటు ధర ఎంత?

ప్రశ్న: మేము న్యూయార్క్ రాష్ట్రంలో బఫెలో పక్కనున్న ఆంహర్స్ట్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాము. గ్రీన్ కార్డు ఉంది. పగలు చిన్న కిరాణా దుకాణం చూసుకుంటాను. రెండేళ్ల కిందట 26,000 డాలర్లకు పాత పికప్ ట్రక్కు, 7,500 డాలర్లకు దాని ముందు తగిలించి మంచు నెట్టే ప్లౌ కొని, తెల్లవారుజామున ఇళ్ల ముందు కారు దారుల (డ్రైవ్‌వేల) మీద మంచు తీసే పని మొదలుపెట్టాను. మొన్నటి చలికాలంలో 24 ఇళ్లు ఒప్పుకున్నాను. వాటిలో సగం గుడిలో పరిచయమైన తెలుగువారివే. మా వీధిలో ఇంకొకాయన సీజనుకు 400 డాలర్లు తీసుకుంటున్నారని నేనూ అంతే పెట్టాను. ముప్పైసార్లు బయలుదేరాను. 9,600 డాలర్లు చేతికొచ్చాయి కానీ, మార్చి చివరికి మిగిలిందేమీ కనిపించలేదు. ట్రక్కుకు మామూలు కారు బీమాయే ఉంది. వ్యాపార బీమాకు ఏజెంటు ఏడాదికి 2,400 డాలర్లు చెప్పారు, తీసుకోలేదు. మా ఆవిడ ఈ పని మానేయమంటోంది. ధర ఎలా నిర్ణయించుకోవాలి?

జవాబు: మానేయాలో వద్దో తేల్చే ముందు, మీరు నిజంగా ఎంతకు పని చేశారో చూద్దాము. వీధిలో ఇంకొకరి ధర చూసి మీ ధర పెట్టుకున్నారు. ఆయన ట్రక్కు అప్పు తీరిపోయిందో లేదో, బీమా ఉందో లేదో, ఆయన ఇళ్లన్నీ ఒకే వీధిలో ఉన్నాయో లేదో మీకు తెలియదు. పొరుగు రైతు పండించిన ఖర్చుతో మన పంటకు గిట్టుబాటు ధర కట్టలేము కదా, ఇదీ అంతే.

మీరు రాసిన అంకెలతోనే లెక్క కడతాను. ట్రక్కును ఐదేళ్ల తరువాత 11,000 డాలర్లకు అమ్ముతారనుకుంటే ఏడాదికి 3,000 తరుగుదల వస్తుంది. ఇంటి అవసరాలకు కూడా వాడతారు కాబట్టి అందులో సగం, అంటే 1,500, ఈ పని మీద వేద్దాము. ప్లౌ ఆరు సీజన్లు పనిచేసి చివర 1,500 పలికితే ఏడాదికి 1,000 అవుతుంది. బీమా 2,400. ఒక్కో ట్రిప్పుకు ఏడు గ్యాలన్ల చొప్పున ముప్పై ట్రిప్పులకు గ్యాస్ (పెట్రోలు) సుమారు 700. హైడ్రాలిక్ గొట్టాలు, ప్లౌ కింది అంచు, బ్యాటరీ, ట్రాన్స్‌మిషన్ ఆయిల్ వంటి మరమ్మతులకు 1,200 తక్కువేమీ కాదు, ఎందుకంటే ప్లౌ తగిలించిన ట్రక్కు మామూలు ట్రక్కు కంటే చాలా త్వరగా అరిగిపోతుంది. డ్రైవ్‌వే అంచుల్లో పాతే గుర్తు కర్రలు, ఫోను, పన్ను లెక్కలు రాసేవారి ఫీజు కలిపి 300. మొత్తం 7,100 డాలర్లు. మీకు వచ్చిన 9,600లో ఇది పోగా మిగిలేది 2,500. ముప్పై ట్రిప్పులు, ట్రిప్పుకు నాలుగున్నర గంటలు, దానికి తోడు మరమ్మతులకు, బిల్లులకు మరో పాతిక గంటలు కలిపితే 160 గంటలు. అంటే గంటకు సుమారు 15 డాలర్ల 60 సెంట్లు, అది కూడా పన్నుకు ముందు. ఆ బీమా మీరు తీసుకోలేదు కాబట్టి ఆ డబ్బు ఇంట్లోనే ఉన్నట్టు కనిపించవచ్చు, కానీ దాని సంగతి కిందకు వస్తాను.

మీ కూలిని కూడా ఖర్చుగానే రాసుకోండి. మీకు జ్వరం వచ్చిన రోజున మీ బదులు ఒక డ్రైవరును మూడున్నరకు లేపి పంపాలంటే ఎంత ఇవ్వాలో అదే మీ కూలి. దాన్ని గంటకు 35 డాలర్లు అనుకుంటే 5,600. ఖర్చులతో కలిపి 12,700. అనుకోని వాటికి 15 శాతం కలిపితే 14,600 దాటుతుంది. 24 ఇళ్లకు పంచితే ఇంటికి సుమారు 610 డాలర్లు. మీరు తీసుకున్నది 400.

ఆ 15 శాతం ఎందుకో చెప్పాలి. సీజను మొత్తానికి ఒకే ధర మాట్లాడుకోవడమంటే మీరు మంచు తీసే పనితో పాటు ఒక బీమాను కూడా అమ్ముతున్నారు. ఎంత కురిసినా ఇంతే అని మాట ఇస్తున్నారు. బఫెలోలో ఏడాదికి సగటున 95 అంగుళాల మంచు కురుస్తుంది, కానీ సగటును నమ్ముకుని మాట ఇవ్వలేము. 2011-12 చలికాలంలో 37 అంగుళాలే పడితే, 2022-23లో 133 దాటింది. మీ లెక్కలో గ్యాస్, కూలి, అరుగుదల కలిపి ఒక్క అదనపు ట్రిప్పు ఖర్చు సుమారు 220 డాలర్లు. 15 శాతంగా పక్కన పెట్టిన 1,900 డాలర్లు ఎనిమిది అదనపు ట్రిప్పులకు సరిపోతాయి. ఆ పైన కురిసేదంతా మీ జేబులోంచే పోతుంది. అందుకే ఒప్పందంలో ఒక హద్దు రాయండి: సీజనుకు 36 సార్లు, ఆ తరువాత ప్రతిసారీ ఇంటికి 20 డాలర్లు. ఒక్కసారిగా అడుగు దాటి కురిసిన తుపానుకు గంటల చొప్పున అని కూడా రాయండి. 2022 నవంబరులో ఈరీ సరస్సు మీదుగా వచ్చిన మంచు పట్టీ దక్షిణాన ఆర్చర్డ్ పార్క్ మీద 80 అంగుళాలు కుమ్మరించినప్పుడు, పికప్ ప్లౌతో తీయగలిగే పని కాకపోయింది. అక్కడి మంచుకు, ఉత్తరాన మీ ఆంహర్స్ట్ మంచుకు ఒకే ధర కుదరదు. ఎవరైనా తెలిసినవారు దక్షిణం వైపు నుంచి అడిగినా ఇప్పటికి ఒప్పుకోకండి.

సీజను ధర ఇష్టపడని వారికి విడిగా, వచ్చినప్పుడల్లా ఇంత అని చెప్పవచ్చు. అయితే 610ని ముప్పైతో భాగించి 20 డాలర్లు చెప్పకండి. బీమా, తరుగుదల వంటివి మంచు పడినా పడకపోయినా ఇంటికి 250 డాలర్లకు పైగా పడతాయి. పదిహేనుసార్లే కురిసిన ఏడాదిలో కూడా అవి రాబట్టుకోవాలంటే ఒక్కసారికి 30 డాలర్లు ఉండాలి. రెండు అంగుళాలు పడితే వస్తాననీ, నాలుగు దాటితే 45 అనీ ముందే రాసుకోండి.

ధరను డ్రైవ్‌వే పొడవుతో కాక నిమిషాలతో కట్టండి. కొన్నేళ్ల కిందట ఇదే పని చేసే ఒక క్లయింటుతో పాటు ఆయన ట్రక్కులో ఒక రాత్రి తిరిగాను. రెండు ఇళ్లూ పక్కపక్కనే, కొలత ఒకటే. మొదటిది నాలుగు నిమిషాల్లో అయింది. రెండోది రోడ్డు మలుపులో ఉంది. టౌను ప్లౌ రోడ్డు ఊడ్చుకుంటూ పోతూ ఆ ఇంటి ముఖద్వారంలో మోకాలెత్తు గట్టు వదిలిపోయింది. ఉప్పునీళ్లు తాగిన ఆ మంచు తడి సిమెంటులా గట్టిపడింది. ఆయన రెండుసార్లు ప్లౌతో కొట్టి, దిగి పారతో అంచులు విడగొట్టి, మళ్లీ ఎక్కేసరికి పదకొండు నిమిషాలు పట్టింది. ఇద్దరి దగ్గరా ఒకే ధర తీసుకుంటున్నారు. మీరు కూడా మొదటి మూడు మంచుల్లో ప్రతి ఇంటి దగ్గరా నిమిషాలు రాసుకోండి. ఇరవై నాలుగులో నాలుగైదు ఇళ్లు మిగతావాటి లాభం తినేస్తున్నాయని తేలుతుంది. వాటికి వచ్చే ఏడాది ధర పెంచండి, లేదా వదులుకోండి.

ఇప్పుడు బీమా. సొంత కారుకు తీసుకునే బీమా, డబ్బు తీసుకుని మంచు తీసే పనికి సాధారణంగా వర్తించదు. ప్లౌ మంచు కింద కనిపించని గ్యారేజీ తలుపునో, మెయిల్ బాక్సునో తగిలితే వందల్లో పోతుంది. మీరు తీసిన చోట గడ్డకట్టిన నీటి మీద ఒకరు జారి తుంటి విరగ్గొట్టుకుంటే మీ దుకాణమూ ఇల్లూ కూడా చిక్కులో పడతాయి. అందువల్ల బీమా లేకుండా ఈ చలికాలం ఒక్క డ్రైవ్‌వే కూడా తీయకండి. 2,400 మీ లెక్కలో ఇప్పటికే ఉంది కాబట్టి దాన్ని ధరలోంచి రాబట్టుకోవచ్చు.

మీరు అడగనిది ఒకటి ఉంది, అదే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. న్యూయార్క్‌లో మంచు తొలగింపు అమ్మకపు పన్ను వర్తించే సేవ. మీరుండే ఈరీ కౌంటీలో ఆ పన్ను 8.75 శాతం. మీరు వసూలు చేసినట్టు రాయలేదు. మొన్నటి సీజను 9,600 మీద రాష్ట్రం 840 డాలర్లు మిమ్మల్నే అడగవచ్చు, దాని మీద వడ్డీ, జరిమానా వేరే. రాష్ట్ర పన్నుల శాఖ దగ్గర ఈ పన్ను వసూలు చేసే అనుమతి పత్రం, సర్టిఫికెట్ ఆఫ్ అథారిటీ, తీసుకున్నాకే కొత్త ధర చెప్పండి. పాత బాకీకి, వాళ్లు పిలవకముందే స్వచ్ఛందంగా చెప్పుకునే ఏర్పాటు ఆ శాఖలో ఉంది. పన్ను లెక్కలు రాసేవారిని ఈ వారమే కలిసి ఆ దారిలో వెళ్లండి. 610 మీద పన్ను విడిగా చూపితే కస్టమరు కట్టేది 663 డాలర్లు చిల్లర అవుతుంది.

ఆదాయపు పన్నులో మీ కూలి ఖర్చుగా చెల్లదు. కొత్త ధరతో ఖర్చులు పోగా మిగిలే సుమారు 7,500 మీద స్వయం ఉపాధి పన్నే 1,060 దాకా వస్తుంది, ఆదాయపు పన్ను ఆ పైన. నవంబరులో ముందుగా తీసుకున్న సీజను డబ్బు, పని మార్చిలో చేసినా, చేతికొచ్చిన ఏడాది ఆదాయంలోకే వెళుతుంది. మార్చి చివరికి ఏమీ కనిపించకపోవడానికి కారణం కూడా అక్కడే ఉందని నా అనుమానం. నవంబరులో ఒకేసారి వచ్చిన సొమ్ము దుకాణం సరుకులో కలిసిపోయి ఉంటుంది. వేరే ఖాతా తెరిచి, అందులోంచి మూడో వంతు పన్నులకు కదిలించకుండా ఉంచి, మిగిలినది నవంబరు నుంచి మార్చి దాకా ఐదు భాగాలుగా తీసుకోండి.

ఇదే పని చేయాలనుకుని రాసేవారిలో హెచ్-1బీ మీద ఉన్నవారు కూడా ఉంటారు. వారు చేయకూడదు, స్నేహితుల ఇళ్లకైనా సరే. మీకు గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

ఇక గుడిలో పరిచయమైన పన్నెండు ఇళ్లు. 400 నుంచి 610కి పెంచడం మొహమాటంగా ఉంటుందని తెలుసు. కానీ మీరు రాసిన దాన్ని బట్టి, ఆ మొహమాటమే ఇప్పటిదాకా మీ కుటుంబం ఖర్చుతో నడిచింది. ముఖాముఖి మాట్లాడకుండా అక్టోబరు మొదటి వారంలో అందరికీ ఒకేలాంటి చీటీ పంపండి. అందులో సీజను ధర, విడి ధర, 36 సార్ల హద్దు, పన్ను, బీమా ఉన్న సంగతి రాయండి, ఇష్టమైనది ఎంచుకోమనండి. మనవాళ్లకు తగ్గించాలనిపిస్తే, ముందుగా మొత్తం కట్టినవారికి 25 డాలర్ల తగ్గింపు అని అందరికీ వర్తించేలా పెట్టండి. ఎనిమిది ఇళ్లు వెళ్లిపోయినా కంగారు పడకండి. మిగిలిన పదహారు 610 చొప్పున ఇచ్చేది 9,760 డాలర్లు. పాత 24 ఇళ్ల కంటే ఎక్కువ డబ్బు, మూడో వంతు తక్కువ పని. మీ ఆవిడగారికి ఈ లెక్క చూపించి, ఒక్క సీజను గడువు అడగండి.