నూతిలో పెరిగిందంతా వాన నీరేనా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె, జిగట ఒండ్రు నేల. మే నెలాఖరున మా నూతిలో నీళ్లు ఒర అంచుకు 3.6 మీటర్ల కింద ఉన్నాయి. నవంబరులో కొలిస్తే 1.1 మీటర్లే. అంటే రెండున్నర మీటర్ల వాన నీరు భూమిలో ఇంకినట్టేనా?

జవాబు: కాదండి. రెండున్నర మీటర్లు పెరిగింది నూతిలో. చుట్టూ ఉన్నది మట్టి. అందులో నీటికి దొరికేది రేణువుల సందులే, ఆ నీటిలోనూ చాలా భాగం మట్టినే పట్టుకుని ఉంటుంది. కదలగలిగే వాటాను స్పెసిఫిక్ ఈల్డ్ అంటారు. భూగర్భ జలాల అంచనా కమిటీ 1997లో సూచించిన ప్రకారం జిగట ఒండ్రుకు ఇది 6 శాతం, ఇసుక ఒండ్రుకు 16. మీ 2.5 మీటర్లను 6 శాతంతో గుణిస్తే 15 సెంటీమీటర్లు. ఎకరానికి సుమారు ఆరు లక్షల లీటర్లు.

ఈ 15 కూడా అంతా వానది కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి మన డెల్టా నూతులకు కాలువ ఊట, సార్వా చేలల్లో నిలిచిన నీరు కూడా ఆధారం. మే, నవంబరు కొలతలు రెండే ఉంటే వీటిని విడదీయలేం.

వాన వాటా కావాలంటే ఇలా చేయండి. సార్వా కోతకు చేలల్లో నీళ్లు తీసేశాక, రోజూ తెల్లవారుజామున మోటారు వేయకముందు, ఒర మీద ఒకే గుర్తు నుంచి కొలిచి రాయండి. రోజుకు 2 సెంటీమీటర్లు తగ్గుతోందనుకుందాం. వాయుగుండం వాన పడి, అయిదో రోజుకు మట్టం 30 సెంటీమీటర్లు పెరిగింది. వాన లేకపోతే ఈపాటికి 10 తగ్గేది కదా, కాబట్టి అసలు పెరుగుదల 40. అందులో 6 శాతం, అంటే 2.4 సెంటీమీటర్లు ఆ వాన ఇచ్చిన నీరు.

జోరువాన పడ్డ గంటకే నుయ్యి గభాలున పెరిగితే మాత్రం ఆ అంకె వాడకండి. పైమట్టి తడిసి మూసుకుపోతే లోపల చిక్కిన గాలి నీటిని నొక్కుతుంది. ఆ ఉబ్బు తగ్గేదాకా ఆగాలి.

ఒర నేల మీద ఎంత ఎత్తుందో కూడా కొలవండి, ఇది చాలామంది వదిలేస్తారు. 70 సెంటీమీటర్లుంటే, నవంబరులో మీ నీళ్లు నేలకు 40 సెంటీమీటర్ల కిందే ఉన్నట్టు. అప్పుడు పడే వానలో ఎక్కువ భాగం ఇంకడానికి చోటు లేక డ్రెయిన్‌లోకి పోతుంది. కోనసీమలో చాలాచోట్ల మంచినీరు ఉప్పునీటి మీద పలచని పొరగా నిలిచి ఉంటుంది కాబట్టి, ఏ వాన ఇంకిందో ఏది పోయిందో తెలియడం మనకు చాలా అవసరం. నోట్‌బుక్ ఆపకండి.