తీరానికి వెళ్లే ముందు ఒక మాట

చి. వాసుకు పెదనాన్న దీవెనలు.

కెమెరా కొన్నావని, పిట్టల ఫొటోలు తీస్తానంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత పొంగిపోయానో, అంత బెంగా పట్టుకుంది.

ముందు ఇంటి దగ్గరే మొదలుపెట్టు. నీడలో ఒక వెడల్పాటి మూకుడులో నీళ్లు పెట్టి, కిటికీ పక్కన కదలకుండా కూర్చో. నీళ్లు రోజూ మార్చు. పిచ్చుకే కదా అని తీసిపారేయకు. ఎగరబోయే ముందు అది ఎలా ఒదుగుతుందో నీ కంటికి పట్టుబడితేనే వేలు సమయానికి కదులుతుంది. ఫోకస్ కంటి మీద పెట్టు. ఎగిరే పిట్టకైతే షట్టర్ వేగం సెకనులో 2000వ వంతు ఉంచు. మిగతావి చేతికి అవే అలవాటవుతాయి.

సముద్రం దగ్గర మాత్రం పిట్ట వెంట పడకు. పోటు పెరిగేకొద్దీ బురదలో మేసేవి ఒడ్డు వైపు జరుగుతాయి. ముందే వెళ్లి, ఎండ వీపున పడేలా కూర్చుంటే అవే దగ్గరికొస్తాయి. ఎగిరే ఫొటో కోసం గుంపును లేపావని తెలిస్తే ఊరుకోను. 2022లో గాడ్విట్ అనే వలసపిట్ట పిల్ల, అయిదు నెలలది, అలాస్కా నుంచి ఆస్ట్రేలియాలోని టాస్మేనియాకు 11 రోజులు ఎక్కడా వాలకుండా 13,560 కిలోమీటర్లు ఎగిరింది. వాటికి ఒంట్లోని కొవ్వే దారిబత్తెం. మనం బెదరగొట్టిన ప్రతిసారీ అందులోంచే ఖర్చవుతుంది.

అన్నిటికన్నా నా భయం గుడ్ల గురించి. ఉల్లంకి, అదే ఇసుక మీద పరుగులు తీసే చిన్న ప్లోవర్ పిట్ట, గూడు కట్టదు. ఇసుకలో చిన్న గుంట చేసి, ఇసుక రంగు గుడ్లే పెడుతుంది. ఒకసారి నాతో వచ్చిన మిత్రుడి ముందు ఓ ఉల్లంకి రెక్క ఈడ్చుకుంటూ పరుగెత్తింది. దెబ్బ తగిలిందనుకుని కెమెరాతో వెంటపడ్డాడు. అది నటన నాయనా, మనల్ని గుడ్లకు దూరంగా లాక్కుపోవడానికి. సంగతి తెలిశాక వెనక్కి రావలసింది పోయి, గుడ్లు వెతికి పట్టుకుని వాటి ముందు బోర్లా పడుకున్నాడు. మిట్టమధ్యాహ్నం. ఆ ఎండలో తల్లి నీడ పట్టకపోతే లోపలి పిల్లలు ఉడికిపోతాయి. అది దూరంగా నిలబడి అరుస్తూనే ఉంది. చివరికి నేనే అతని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఫొటో అద్భుతంగా వచ్చిందని అందరికీ చూపించాడు. ఆ ఫొటో నేనిప్పటికీ చూడలేను.

రెక్క ఈడ్చే పిట్ట కనబడితే వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వచ్చెయ్.

ఇంకొకటి, కన్ను కెమెరాలో ఉంటే వెనక నీళ్లు చుట్టుముట్టినా తెలియదు. పోటు వేళలు చూసుకో, ఎక్కడికెళ్తున్నావో అమ్మకు చెప్పు. మొదటి ఫొటోలు మసకగా వచ్చినా సరే, నాకే ముందు పంపాలి.

మీ పెదనాన్న