హావ్‌లాక్‌లో రూమ్ బుక్ చేసేముందు గోడమీద క్యాలెండర్ చూడండి

కూకట్‌పల్లి నుంచి అమ్మానాన్నల్ని, నాలుగేళ్ల పాపని తీసుకుని అండమాన్ వెళ్తున్నాం, అక్కడి హావ్‌లాక్ ద్వీపంలో 'బీచ్ ఫేసింగ్' కాటేజీ తీసుకోవాలా, మార్కెట్ దగ్గర మామూలు హోటల్ సరిపోతుందా, రేటులో సగానికి సగం తేడా ఉంది అని అడిగారు.

మార్కెట్ దగ్గరిదే తీసుకోండి. పెద్దవాళ్లు వెంట ఉంటే ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు. హనీమూన్ జంటైతే వేరే సంగతి, వాళ్లు ఎక్కడున్నా ఒకటే.

మా ట్రిప్పు మొత్తం బామ్మర్ది బుక్ చేశాడు. అతను హోటల్‌ని ఫొటో చూసి తీసుకునే రకం. ఫొటోలో రెండు కొబ్బరిచెట్ల మధ్య ఊయల, ఒక్క మెట్టు దిగితే నీలం నీళ్లు. రాత్రికి పదకొండు వేలు. తెల్లారకముందే శంషాబాద్‌లో ఫ్లైటెక్కి పోర్ట్ బ్లెయిర్‌లో దిగాం. (2024లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు, కానీ ఆటోవాళ్ల నోట ఇంకా పాత పేరే.) అక్కణ్నుంచి హావ్‌లాక్‌కి ఫెర్రీ. ఇక్కడో మాట చెప్పుకోవాలి. నిండా ఏసీ పెట్టి, కిటికీ తెరుచుకోకుండా బిగించేసి, కొద్దిగా అలలు లేవగానే సీటు సీటుకీ కవర్లు పంచే ఆ ఫెర్రీల్ని 'లగ్జరీ' అని ఎవరన్నారో గానీ, మా అత్తమ్మ గంటన్నరసేపు కళ్లు తెరవలేదు.

రిసార్టుకి చేరేసరికి మధ్యాహ్నం మూడైంది. రిసెప్షన్ నుంచి కాటేజీ దాకా అంతా ఇసుక దారి. సూట్‌కేసు చక్రాలు రెండడుగులకోసారి కూరుకుపోతుంటే నేనూ బామ్మర్దీ నెత్తిన పెట్టుకుని మోశాం. వెనకాల అత్తమ్మ, మోకాళ్ల నొప్పులతో, ఒక చేత్తో చెప్పులు, ఇంకో చెయ్యి నా భార్య భుజం మీద. మూడు మెట్లెక్కి వరండాలోకి వచ్చి ఎదురుగా చూసి ఆమె అన్న మొదటి మాట: "అరేయ్, సముద్రమేదిరా? ఏడవాయె?"

నిజంగానే లేదు. ఊయల ఉంది, కొబ్బరిచెట్లు ఉన్నాయి. వాటి అవతల కనుచూపు మేర నల్లటి రాళ్లు, మధ్యమధ్య పాచి పట్టిన గుంటలు, ఒక పక్కకి ఒరిగిపోయిన పడవ. గుంటల అంచున శంఖాల్ని వీపున మోసుకుంటూ చిన్న చిన్న పీతలు పాకుతున్నాయి. సముద్రం ఎక్కడో దూరంగా గీత గీసినట్టు మెరుస్తోంది. మా వాడు ఈత డ్రస్సు వేసుకుని రెడీ అయిపోయాడు, ఆ రాళ్లమీద నాలుగడుగులు వేసేసరికి కాలు కోసుకుంది. పగడపు రాయి గీరితే మామూలు దెబ్బలా తొందరగా మానదు, ట్రిప్పంతా బ్యాండేజీతోనే తిరిగాడు.

టీ తెచ్చిన కుర్రాడిది సోంపేట దగ్గర పల్లె. అండమాన్‌లో తెలుగువాళ్లకి కొదవ లేదు, ముఖ్యంగా శ్రీకాకుళం, వైజాగ్ వైపు వాళ్లు. మా మొహాలు చూసి, "ఇప్పుడు ఆటు బాబూ, పోటు రాత్రి తొమ్మిది దాటినాక వస్తాది. పున్నమి కదండీ, అందుకే మరీ లోపలికి పోయింది. అష్టమికో నవమికో వచ్చుంటే ఈపాటికి నీళ్లు గట్టుకి తగిలేవి" అన్నాడు. పదకొండు వేలు తీసుకున్నవాళ్లు చెప్పని సంగతి టీ ఇచ్చినవాడు చెప్పాడు.

అతను చెప్పింది అక్షరాలా నిజం. పున్నమికీ అమావాస్యకీ సూర్యచంద్రుల లాగుడు ఒకే వరసలో పడుతుంది కాబట్టి పోటు బాగా పైకొస్తుంది, ఆటు బాగా లోపలికి పోతుంది. అష్టమి దాటాక ఒకటి రెండు రోజులు ఆ తేడా బాగా తగ్గిపోతుంది. పైగా ఆటుపోట్ల వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది, అంటే వారం తిరిగేసరికి మధ్యాహ్నం ఆటు ఉండే చోట పోటు ఉంటుంది. మన ఇళ్లల్లో అష్టమి నవమి అంటే ప్రయాణమే కట్టరు. హావ్‌లాక్ తూర్పు ఒడ్డుకి మాత్రం అంతకంటే మంచి తిథుల్లేవు. వంటింట్లో వేలాడే తెలుగు క్యాలెండర్ చూస్తే చాలు, యాప్ కూడా అక్కర్లేదు.

తూర్పు ఒడ్డు అని ఎందుకంటున్నానంటే, మామూలు జనం బుక్ చేసుకునే రిసార్టుల్లో ఎక్కువ భాగం అటే ఉన్నాయి, గోవింద్‌నగర్, విజయ్‌నగర్ బీచ్‌ల వెంట. అటు నీళ్లలో రాళ్లు, పగడాలు. చూడ్డానికి బాగుంటుంది, పోటు మీదున్నప్పుడు రంగు కూడా అద్భుతం, పిల్లలు దిగి ఆడుకోడానికి మాత్రం కాదు. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా గొప్ప బీచ్ అని రాసిన రాధానగర్ పడమటి వైపు, జెట్టీ నుంచి పన్నెండు కిలోమీటర్లుంటుంది. అక్కడ అడుగు మెత్తటి ఇసుక, ఆటు వేళ కూడా పాపని చేయి పట్టుకుని దింపొచ్చు. అటు ఉండాలంటే మాత్రం తాజ్ లాంటి వాటి రేట్లు కట్టాలి.

ఇంకో విషయం ఎవరూ లెక్కేసుకోరు. అక్కడా మన గడియారమే, కానీ ద్వీపం మనకి చాలా తూర్పున ఉంది. సూర్యుడు హైదరాబాద్ కంటే దాదాపు గంట ముందే వచ్చి గంట ముందే వెళ్లిపోతాడు. చలికాలంలో సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి. రోజంతా బయట తిరిగి ఆరింటికి రూముకొస్తే 'సీ వ్యూ' అంటే నల్లటి చీకటి, అంతే. మాకు సముద్రం వచ్చినట్టు రాత్రి పదింటికి చప్పుడు వల్లే తెలిసింది.

మర్నాడు పది గంటలకి నీళ్లు నిజంగానే మెట్టు దాకా వచ్చాయి. బామ్మర్ది పరిగెత్తుకెళ్లి ఊయలలో పడుకుని ఫొటో దిగాడు. ఆ ఫొటో చూసి వాళ్ల ఆఫీసులో ఇంకొకాయన అదే కాటేజీ బుక్ చేసుకున్నాడట. అరనిమిషం రీలు చూసి అర లక్ష ఖర్చుపెట్టే జనానికి నేనేం చెప్పను! ఇప్పుడు నీళ్లలో తేలే పళ్లెంలో బ్రేక్‌ఫాస్ట్ ఒకటి మొదలెట్టారు. ఇడ్లీ తినాలంటే ఈత రావాలా?

మీరు హోటల్‌కి ఫోన్ చేసి అడగాల్సినవి వేరే ఉన్నాయి. ద్వీపంలో కరెంటు ఎక్కువగా డీజిల్ మీదే, కాబట్టి కరెంటు పోయినప్పుడు జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా, ఒట్టి ఫ్యానేనా అని అడగండి. వంటిల్లు ఎన్నింటికి కట్టేస్తారో కూడా అడగండి. మనం పదింటికి అన్నం తినే మనుషులం, అక్కడ తొమ్మిదిన్నరకి గిన్నెలు కడిగేస్తారు. మార్కెట్ దగ్గరైతే నడిచి వెళ్లి పెరుగు, అరటిపళ్లు తెచ్చుకోవచ్చు, మందుల షాపు దగ్గర. మీ నాన్నగారికి అది సముద్రం కంటే ముఖ్యం. రూము దాకా ఆటో వస్తుందా, గదిలో మెట్లున్నాయా అన్నది తప్పకుండా కనుక్కోండి. తాటాకు కప్పిన గుడిసెలాంటి కాటేజీ అయితే ఇసుక ఈగలు ఉదయం, సాయంత్రం కరుస్తాయి, పాపకి ఫుల్ ప్యాంట్లు పెట్టుకోండి. ఇక అక్కడ కూర్చుని ఆఫీసు పని చేస్తామనేవాళ్లకి ఒక దండం. 2020లో చెన్నై నుంచి సముద్రం కింద కేబుల్ వేశారు నిజమే, హావ్‌లాక్‌లో మా ఫోన్లు మాత్రం ఆ సంగతి విన్నట్టు లేదు.

రాధానగర్‌కి మధ్యాహ్నం మూడింటికి బయల్దేరి, వెళ్లిన ఆటోనే తిరుగు ప్రయాణానికీ మాట్లాడుకోండి. చీకటి పడ్డాక అక్కడ ఆటో దొరకడం కష్టం. నీల్ ద్వీపానికి కూడా వెళ్తామన్నారు కదా, అక్కడ భరత్‌పూర్ బీచ్ జెట్టీని ఆనుకునే ఉంటుంది. దాని చుట్టుపక్కలే రూము చూసుకుంటే సామాను మోత తప్పుతుంది. ఆటు బాధ అక్కడా ఉంది, కానీ రూముకి రెండు వేలిచ్చి చూసే రాళ్లు అంత కోపం తెప్పించవు.